తాతగారి అంబాసిడర్‌ను ఇప్పటి రూపాయల్లోకి మార్చొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ తాతగారు 1968లో తెనాలి దగ్గరి పల్లెలో అంబాసిడర్ కొన్నారు. ఫొటో ఉంది, కాగితాలు కొన్ని ఉన్నాయి. అప్పటి ధరను ధరల పెరుగుదల కాలిక్యులేటర్‌లో వేస్తే ఇప్పటి ఏడు లక్షలకు అటూ ఇటూగా తేలుతోంది. ఏడు లక్షల కారు ఇప్పుడు వీధికి నాలుగు ఉన్నాయి కదా, మరి ఇంట్లోవాళ్లు అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు, నిజంగా అంత ఆస్తి ఉన్నట్టా అని మీ సందేహం.

సూటిగా చెబుతాను. 1968లో సొంత డబ్బుతో కొత్త కారు కొని, దాన్ని ఏళ్ల తరబడి రోడ్డు మీద నడిపించిన కుటుంబం ఆ తాలూకాలో వేళ్ల మీద లెక్కపెట్టే కుటుంబాల్లో ఒకటి. ఇప్పుడు ఏడు లక్షల కారున్న ఇంటితో దానికి పోలిక లేదు. అయితే ఈ వాక్యంలో మూడు షరతులున్నాయి: సొంత డబ్బు, కొత్తది, నడిపించడం. మూడింటిలో ఏది తప్పినా లెక్క మారిపోతుంది. ఆ మూడూ మీ దగ్గరున్న కాగితాల్లోనే తేలతాయి, అది చివర్లో చెబుతాను.

ముందు ధర సంగతి. ఆ కాలానికి అందరికీ తెలిసిన ఉదాహరణ లాల్ బహదూర్ శాస్త్రి గారి ఫియట్. 1964 మోడల్ కారు, ధర 12 వేలు. బ్యాంకులో ఉన్నది 7 వేలే కాబట్టి మిగతా 5 వేలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయాక ఆ బాకీని లలితా శాస్త్రి గారు పింఛను డబ్బులోంచి కట్టారు. దేశ ప్రధాని ఇంట్లోనే కొత్త ఫియట్‌కు సరిపడా నగదు లేదు. ఆయన నిజాయితీకి గుర్తుగా ఈ సంగతి చెబుతుంటారు, అదీ నిజమే. మన లెక్కకు మాత్రం ఇందులో ఇంకో ముక్క ఉంది: జీతం మీద బతికేవాడికి, అతనెంత పెద్ద హోదాలో ఉన్నా, కారు అందని పండే.

ఆ 12 వేలను జీతాలతో కొలవండి. రెండో వేతన సంఘం తర్వాత కొత్తగా చేరిన ఐఏఎస్ అధికారి మూలవేతనం నెలకు 400. అంటే తిండీ తిప్పలూ మానేసి మొత్తం దాచినా 30 నెలల జీతం. అదే సంఘం కేంద్ర ప్రభుత్వంలో అట్టడుగు ఉద్యోగికి ఖరారు చేసిన కనీస వేతనం 80. అతనికి 150 నెలలు, పన్నెండున్నర ఏళ్లు. ఇప్పుడు ఏడో వేతన సంఘం లెక్క చూడండి: 2016లో ఐఏఎస్ మొదటి మూలవేతనం 56,100, కనీస వేతనం 18,000. ఆ ఏడాది చిన్న మారుతి ఆన్‌రోడ్ 3 లక్షల దగ్గర వచ్చేది. ఒకరికి ఐదున్నర నెలల జీతం, మరొకరికి 17 నెలలకు లోపు. డీఏలు కలిపితే అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, తేడా స్వరూపం మారదు. కాలిక్యులేటర్ చెప్పే ఏడు లక్షలు బియ్యం, పప్పు, బట్టల ధరలను బట్టి వచ్చిన అంకె. అందులో కారుకు పెద్ద చోటేమీ లేదు.

కొందరు బంగారంతో కొలుస్తారు. ఇక్కడ జాగ్రత్త. 1964లో పది గ్రాములు సుమారు 63 రూపాయలు, కాబట్టి 12 వేలంటే దాదాపు 1.9 కిలోల బంగారం. వినడానికి కళ్లు తిరుగుతాయి. కానీ 1968కి వచ్చేసరికి పది గ్రాములు 160 దాటింది. 14 వేల కారు అనుకున్నా 900 గ్రాముల లోపే. నాలుగేళ్లలో కారు సగానికి చవకైందా? కాలేదు. 1963లో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగలు చేయకూడదన్నాయి. ఆ దెబ్బకు ధర పడింది, ఆ తర్వాత 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు, ధర మళ్లీ లేచింది. అందుకే ఆ దశాబ్దానికి బంగారం కొలబద్దగా పనికిరాదు. మీకు అన్నిటికన్నా నమ్మకమైన కొలత మీ ఇంట్లోనే ఉంటుంది: 1965-70 మధ్య మీ ఊళ్లో మీవాళ్లు కొన్న లేదా అమ్మిన పొలం దస్తావేజు. అందులో ఎకరం ధర చూసి, కారు ఎన్ని ఎకరాలకు సమానమో లెక్కేయండి. దస్తావేజులో ధర తక్కువ చూపడం అప్పుడూ ఉంది, ఆ మేరకు సర్దుకోండి.

ధర చేతిలో ఉన్నంత మాత్రాన కారు ఇంటికి రాదు. ఇది ఇప్పటివాళ్లకు తొందరగా తట్టని విషయం. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడ తయారీ లేకుండా విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలకు దారి మూసుకుపోయింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. కార్లలో మిగిలినవి మూడు: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ చేసే హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో హెరాల్డ్ చేసే స్టాండర్డ్. ఎన్ని బళ్లు తయారు చేయాలో లైసెన్సు చెబుతుంది. 1959 నుంచి ఎవరికి ఏ క్రమంలో అమ్మాలో పంపిణీ నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. డీలర్ దగ్గర పేరు రాయించుకోవాలి, పోస్టాఫీసు ఖాతాలో డిపాజిట్ కట్టి తాకట్టు పెట్టాలి, వంతు వచ్చేదాకా ఆగాలి. ప్రభుత్వ కోటా విడిగా ఉండేది. తీసుకున్న బండిని వెంటనే తిప్పి అమ్ముకోవడానికీ ఆంక్షలే.

వరుస పొడవు మోడల్‌ను బట్టి ఉండేది. ఫియట్‌కు అన్నిటికన్నా ఎక్కువ, అంబాసిడర్‌కు కొంత తక్కువ, హెరాల్డ్‌కు ఇంకా తక్కువ. దీని ఫలితం వింతగా ఉండేది: రెండేళ్లు నడిపిన ఫియట్, షోరూమ్ ధర కన్నా ఎక్కువకు పోయేది. కొనేవాడు బండికి కాదు, తప్పిన నిరీక్షణకు డబ్బు కట్టేవాడు. అందుకే మీ తాతగారి కారు 'సెకండ్ హ్యాండ్' అని తేలితే చిన్నతనం అనుకోకండి. కొత్తదాని కన్నా ఎక్కువే పోసి ఉండొచ్చు. విదేశీ కార్ల సంగతి వేరు. ఎంబసీలు వదిలించుకున్న పాత బళ్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. ఇంపాలాలు, డాడ్జ్‌లు సినిమావాళ్ల ఇళ్ల ముందు కనబడ్డాయంటే చాలావరకు ఆ దారినే.

ఇక అసలు ఖర్చు. ఏనుగును కొనడం కాదు, మేపడం అన్న మాట అంబాసిడర్‌కు అచ్చంగా సరిపోతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 10 కిలోమీటర్ల లెక్కన 100 లీటర్లు. లీటరు రూపాయి అటూ ఇటూగా ఉన్న రోజుల్లో నెలకు వంద రూపాయల పెట్రోలు, అంటే పైన చెప్పిన కనీస వేతనం కన్నా ఎక్కువ. దాని పైన డ్రైవరు జీతం, అతని భోజనం, పండక్కి బట్టలు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర ఎంత గగ్గోలు పుట్టించిందంటే, ఆ నవంబరులో వాజపేయి పార్లమెంటుకు ఎద్దుల బండి మీద వెళ్లారు. ఆ ఏడాది తర్వాత పల్లెల్లో చాలా కార్లు షెడ్లలో మూలన పడ్డాయి. మీ ఫొటో 1973 తర్వాతిదైతే, బండి అప్పటికి నడుస్తోందా లేదా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

పెట్రోలు కన్నా తినేసేది రిపేరు. 1968 నాటి మార్క్ 2 బండిలో 1489 సీసీ ఇంజిన్. దాన్ని బతికించడానికి చేయాల్సిన పనులు చెబితే డ్రైవరు ఎందుకు తప్పనిసరో అర్థమవుతుంది.

పొద్దున్నే రేడియేటర్ మూత తీసి నీళ్లు, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ తిరగదు, బంపర్‌లోంచి హ్యాండిల్ పెట్టి కొట్టాలి. హ్యాండిల్‌ను బొటనవేలు చుట్టి పట్టుకోకూడదు. ఇంజిన్ ఎదురు తిరిగితే వేలు విరుగుతుంది. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి కిందినుంచి పైకి లాగాలి. చార్జింగ్‌కు డైనమో, దాని మీద కటౌట్ (బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పారకుండా ఆపే స్విచ్చి). ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో సరిగా చార్జి చేయదు. రాత్రిపూట సంతలో, ఊరేగింపులో లైట్లేసి పాకుతూ నడిపితే బ్యాటరీ దిగిపోవడానికి కారణం ఇదే. పెళ్లి ఊరేగింపుకు కారిచ్చిన మర్నాడు బండి స్టార్ట్ కాలేదని వినే కథలన్నీ దీనివల్లే.

డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బాలో, పాయింట్ల గ్యాప్ 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. ప్లగ్గు గ్యాప్ 25 థౌ, చల్లటి ఇంజిన్ మీద ట్యాపెట్లు 15 థౌ. ఫీలర్ గేజ్ లేనిచోట పాయింట్లకు గట్టి అట్టముక్క పెట్టి సరిచేసేవాళ్లు. పని జరుగుతుంది కానీ పాయింట్లు ఒకవైపు మాడి గుంట పడతాయి. కండెన్సర్ పోతే నడిరోడ్డు మీద ఆగిపోవడమే, అందుకే డాష్‌బోర్డు అరలో ఒక కండెన్సర్, ఒక రోటార్, ఒక పాయింట్ల సెట్టు, ఒక ఫ్యాన్ బెల్టు లేకుండా ఎవరూ ఊరు దాటేవాళ్లు కాదు.

ముందు సస్పెన్షన్‌లో గ్రీజు నిపుల్స్‌కు 1,500 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టించాలి. మరచిపోతే పిన్నులు అరిగి స్టీరింగ్ ఆడుతుంది, టైర్లు ఒక అంచు తినేస్తాయి. కాలవ గట్ల మీద, మెటల్ రోడ్ల మీద తిరిగే బండికి ఆ గడువు ఇంకా తగ్గుతుంది. వెనక కమాన్ పట్టీలు విరగడం మామూలే. టైర్లు 5.90-15 క్రాస్‌ప్లై, లోపల ట్యూబు. 20 వేల కిలోమీటర్లు వస్తే గొప్ప, ఆ తర్వాత రీట్రెడ్ చేయించి వెనక్కి వేసేవాళ్లు.

ఎండాకాలం బెజవాడ రోడ్డు మీద వచ్చే జబ్బు వేపర్ లాక్. ఇంజిన్ వేడికి పెట్రోలు పంపు వేడెక్కి, పెట్రోలు లోపలే ఆవిరవుతుంది. పంపు ఆవిరిని తోడలేదు, బండి దగ్గి ఆగిపోతుంది. మందు తడిగుడ్డ: పంపు మీద చుట్టి, నీళ్లు చల్లి, పావుగంట నీడలో ఆగాలి. ఆ తొందరలో మరిగే రేడియేటర్‌లో చన్నీళ్లు పోస్తే బ్లాకు, హెడ్డు పగిలే ప్రమాదం ఉంది, అది వేలల్లో తేలే తప్పు.

ఏటా ఒకసారి అన్నట్టుగా హెడ్డు ఇప్పి మసి గీకించి వాల్వులు అరగదీయించేవాళ్లు. 60-80 వేల కిలోమీటర్లకు సైలెన్సర్ నుంచి నీలి పొగ, ఆయిల్ తాగుడు మొదలు. అప్పుడు బోరు, అంటే అరిగిన సిలిండర్లను తొలిచి వెడల్పు చేయించి పెద్ద పిస్టన్లు వేయడం. మొదటిసారి 20 థౌ, రెండోసారి 40 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్లు, ఇంకా నడపాలంటే స్లీవ్‌లు వేసి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తేవడం. మీ కారు ఇంకా షెడ్డులో ఉంటే హెడ్డు ఇప్పించి పిస్టన్ తల మీద ముద్ర చూడండి. '020', '040' అని ఉంటే బండి ఎన్నిసార్లు బోరుకు వెళ్లిందో, అంటే దాదాపు ఎంత తిరిగిందో తెలుస్తుంది. మైలు మీటరు అబద్ధం చెబుతుంది, పిస్టన్ చెప్పదు.

ఇంత తంతు ఉంది కాబట్టే అప్పటి కారు ఒక వస్తువు కాదు, ఒక చిన్న సంసారం: షెడ్డు, డ్రైవరు, పట్నంలో నమ్మకమైన కార్ల మేస్త్రీ (మెకానిక్), విడిభాగాలు తెప్పించే పలుకుబడి. జీతగాళ్లకు ఇది కుదరదు. ఎవరికి కుదిరింది? మీ వైపు రెండు పంటల మాగాణి, పసుపు, పొగాకు ఉన్న పెద్ద కమతాలవాళ్లకు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్ర ఆదాయపన్ను లేదు, పంట అమ్మిన నెలలో ఒక్కసారిగా నగదు చేతికొస్తుంది. ఆ తర్వాత రైస్ మిల్లులవాళ్లు, లారీలు, బస్సులు నడిపేవాళ్లు (వాళ్లకు మేస్త్రీలు ఇంట్లోనే ఉంటారు), పేరున్న డాక్టర్లు, ప్లీడర్లు. కాంట్రాక్టర్ల సంగతి చెప్పక్కర్లేదు.

మిగతా ఊరంతా ఎలా తిరిగిందో కూడా చూడాలి, లేకపోతే కారు ఎత్తు తెలియదు. గూడు బండి, జట్కా, సైకిలు, రిక్షా, కాలవల్లో పడవ, ఆ పైన బస్సు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం ప్రభుత్వం 1932లోనే 27 బస్సులతో సర్వీసు మొదలెట్టింది. ఆ సంస్థే 1958లో ఏపీఎస్ఆర్టీసీకి పునాది. అదే రాజ్యంలో ఆరో నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, లోపల సింహాసనంతో, ఆయన పోయాక 1912 ప్రాంతంలో దిగింది. ఏళ్లు గడిచినా కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదు. రాజులకు కారు చూపించుకోవడానికి. మీ తాతగారి తరానికి అది నిజంగా పనిముట్టు: కోర్టుకు, మిల్లుకు, ఎన్నికలకు, అర్ధరాత్రి పురిటి నొప్పులొచ్చిన ఏ ఇంటివాళ్లనైనా తెనాలి ఆసుపత్రికి. ఊళ్లో ఒకే కారు ఉంటే దానికి కాదనే హక్కు యజమానికి పెద్దగా ఉండేది కాదు. ఆ లెక్క ఏ కాలిక్యులేటర్‌లోనూ లేదు.

ఎప్పుడు మారింది అంటే, 1983 డిసెంబరు అని అందరూ చెబుతారు. మారుతి 800, ధర 50 వేల అటూ ఇటూ, పది వేలు కట్టి లక్షకు పైగా జనం బుక్ చేసుకున్నారు. నా ఉద్దేశంలో అది ధర విప్లవం కాదు. అప్పటి జీతాలకు 50 వేలు ఇంకా కొండే. మారింది డ్రైవరూ మేస్త్రీ అవసరం: తాళం తిప్పితే స్టార్టయ్యే, యజమాని స్వయంగా నడిపే బండి వచ్చింది. ఆస్తిగా కారు దిగజారింది 1993లో కార్ల తయారీకి లైసెన్సు తీసేశాక, బ్యాంకు వాయిదాలు మామూలయ్యాక. అయినా ప్రభుత్వం దృష్టిలో చాలాకాలం అది సంపన్నుల గుర్తే. 1998లో తెచ్చిన ఆరింట ఒకటి పథకం కింద, ఎంపిక చేసిన నగరాల్లో ఇల్లు, కారు, ఫోను, విదేశీ ప్రయాణం, క్రెడిట్ కార్డు, క్లబ్బు సభ్యత్వంలో ఏ ఒక్కటి ఉన్నా ఆదాయపన్ను రిటర్ను వేయాల్సి వచ్చేది. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు సొంత నాలుగు చక్రాల బండి అడ్డం, టాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు. మరీ తప్పని లెక్కా కాదు: 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 4.7 ఇళ్లలోనే కారో జీపో వ్యానో ఉంది. 2001లో అయితే 2.5.

ఇక మీ కాగితాలు. పాత ఆర్సీ పుస్తకం దొరికితే ఈ వరుసలో చూడండి.

తయారైన సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ పక్కపక్కనే పెట్టండి. మీ తాతగారి పేరు మొదటి పేజీలోనే ఉంటే కొత్త బండి. 'ట్రాన్స్‌ఫర్' పేజీలో ఉంటే ఎవరి దగ్గర కొన్నారో, ఏ తేదీన కొన్నారో అక్కడే ఉంటుంది. 1968లో కొన్నది 1959 మోడల్ కావడం చాలా ఇళ్లలో జరిగేదే. ఫొటోలో ముందు గ్రిల్ చూసినా కొంత తెలుస్తుంది, 1963 ప్రాంతంలో మార్క్ 2 వచ్చినప్పుడు గ్రిల్ మారింది.

ఆ తర్వాత హైర్ పర్చేజ్ ముద్ర. అది ఉంటే ఫైనాన్స్ మీద కొన్నట్టు, రద్దు చేసిన తేదీ చూస్తే ఎన్నేళ్లలో తీర్చారో తెలుస్తుంది. రద్దు లేకుండా పేరు మారితే, వాయిదాలు తప్పి బండి వెనక్కి వెళ్లి ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ చెప్పని కథ అలాంటిచోటే ఉంటుంది, నెమ్మదిగా అడగండి.

యజమాని పేరు మనిషిదా, మిల్లుదా, కంపెనీదా? వ్యాపారం పేరు మీద ఉంటే ఖర్చూ తరుగుదలా పన్ను లెక్కల్లో వెళ్లేవి, అది కుటుంబ ఆస్తికి నేరుగా సాక్ష్యం కాదు. టాక్సీ పర్మిట్ ముద్ర ఉంటే అసలు కథ వేరే, ఆ బండి కుటుంబాన్ని పోషించిందన్నమాట.

చివరగా పన్ను రసీదులు, బీమా కాగితాలు. పన్ను గడువుల వారీగా కట్టేవాళ్లు, కాబట్టి మధ్యలో ఏళ్లు ఖాళీగా ఉంటే బండి షెడ్డులో ఉన్నట్టే. బీమా పాలసీలో ప్రకటించిన విలువ ఏటేటా రాసి ఉంటుంది. 1968 పాలసీ ఒక్కటి దొరికినా కారు ధర గురించి ఇంట్లో చెప్పుకునే అంకె కన్నా అది నమ్మదగ్గది. 1957 సంపద పన్ను చట్టం కింద తాతగారు రిటర్ను వేసి ఉంటే ఇంకా మంచిది. ఇల్లు, నగలు, కారు, డిపాజిట్లు ఒకే కాగితం మీద విలువలతో కనబడతాయి. అవి పాత ఆడిటరు ఇంటి అటకల మీద ఇప్పటికీ దొరుకుతున్నాయి, ముందు అక్కడ అడగండి.